ఆ హిందూస్తానీ పాఠాన్ని కత్తిరించకండి

విక్టోరియా రాణి కాలపు నవలల్ని మళ్ళీ మళ్ళీ తెరకెక్కిస్తున్న ఇంగ్లండ్, అమెరికా దర్శకులకు, నిర్మాతలకు, స్క్రీన్‌ప్లే రచయితలకు,

నమస్కారం.

నేను బందరు మనిషిని. ఇరవై ఏడేళ్ళు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. విక్టోరియా కాలపు నవలలంటే నాకు ప్రాణం. వాటి మీద మీవాళ్ళు తీసిన పాత నలుపు తెలుపు సినిమాలన్నా అంతే ఇష్టం. ఆ ఇష్టమే ఈ ఉత్తరం రాయిస్తోంది. మీకు ఇంగ్లిష్ ప్రతి విడిగా పంపుతాను. ముందుగా తెలుగులో రాయడానికి కారణం, ఇది నా ఒక్కదాని కోరిక కాదు. నా దగ్గర ఈ నవలలు చదువుకున్న పిల్లలూ, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ కూడా చదవాలని.

అడగదలచుకున్నది ఒక్కటే. నాలుగైదు వందల పేజీల నవలను రెండు గంటలకు కుదించాలంటే కత్తెర పడక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కత్తెర దాదాపు ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. కథ ఇంగ్లండ్ పొలిమేర దాటి బయటికి కాలు పెట్టిన చోట. ఆ బయట మేమున్నాం. ఈసారి మమ్మల్ని కత్తిరించకండి.

ఈ మాట నాకు తట్టింది తరగతి గదిలో. షార్లట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' మా కుర్రకారుకు చాలావరకు నాన్‌డిటైల్డ్ పుస్తకంగానే తెలుసు. వంద పేజీలకు కుదించి, వెనక ప్రశ్నలు, జవాబులు వేసిన పుస్తకం. ఒక ఏడాది ఫైనలియర్ పిల్లలతో పూర్తి నవల చదివించాను. చదవడం అయ్యాక 1943లో తీసిన సినిమా చూపిస్తానన్నాను. ఆర్సన్ వెల్స్, జోన్ ఫాంటేన్ నటించినది, రాబర్ట్ స్టీవెన్సన్ దర్శకత్వం వహించినది. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. ముందు వరసలో ఒక అమ్మాయి నవల తెరిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సినిమా మొదలవడమే తెర మీద ఒక పుస్తకం తెరుచుకుంటుంది. పేజీ మీద అచ్చక్షరాలు కనపడుతుంటే జేన్ గొంతు వాటిని చదువుతుంది. తన పేరు జేన్ ఐర్ అనీ, 1820లో పుట్టాననీ, అది ఇంగ్లండులో కఠినమైన మార్పుల కాలమనీ. ముందు వరస అమ్మాయి సెల్‌ఫోన్ వెలుగులో తన పుస్తకం చూసుకుని, "మేడమ్, నా దాంట్లో ఇలా లేదు" అంది. నిజమే. నవలలో మొదటి వాక్యం వేరు. ఆ రోజు బయట నడిచి రావడానికి వీల్లేకపోయిందని మొదలవుతుంది. తెర మీద కనపడింది నవల పేజీ కాదు, సినిమావాళ్ళు రాసుకున్న పేజీ. స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళలో ఆల్డస్ హక్స్‌లీ లాంటి గొప్ప రచయిత కూడా ఉన్నాడు.

అక్కడికి సరిపెట్టుకున్నాం. కానీ పిల్లలు ఎదురుచూస్తున్నది వేరే ఘట్టం కోసం. మన దేశం వచ్చే ఘట్టం. పాఠం చెప్పేటప్పుడు అదంటే వాళ్ళకు ఎంత ఉత్సాహమో! తను ప్రేమించిన రోచెస్టర్ ఇల్లు వదిలి వెళ్ళిపోయిన జేన్‌కు సెయింట్ జాన్ రివర్స్ అనే పాదిరీ ఆశ్రయమిస్తాడు. అతను ఇండియా వెళ్ళడానికి సిద్ధమవుతూ హిందూస్తానీ నేర్చుకుంటుంటాడు. ముందుకు పోయేకొద్దీ మొదటి పాఠాలు మరిచిపోతున్నానని, ఎవరికైనా చెప్తే గట్టిపడతాయని, జేన్‌ను జర్మన్ మానేసి హిందూస్తానీ నేర్చుకోమంటాడు. ఆమె నేర్చుకుంటుంది కూడా. 34వ అధ్యాయం అది. తరవాత అతను పెళ్ళి చేసుకుని తనతో ఇండియా రమ్మంటాడు. అతని చెల్లెలు డయానా, ఇంత మంచిదానివి కలకత్తాలో మాడిపోతావా అని జేన్‌ను వారిస్తుంది.

97 నిమిషాల సినిమా అయిపోయింది. దుప్పట్లు విప్పుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి అడిగాడు: "మేడమ్, ఇండియా ఏది?"

రాలేదు. సెయింట్ జాన్ పేరులో సగం మాత్రం మిగిలింది. జేన్ చిన్నప్పుడు చదివిన లోవుడ్ బడిలో దయగల డాక్టర్ రివర్స్‌గా అతను ముందే వచ్చి వెళ్ళిపోయాడు. హిందూస్తానీ లేదు, కలకత్తా లేదు, ఓడ లేదు. ఆ సినిమాను నేనూ చిన్నతనంలో ఎప్పుడో చూసి, ఆ ఘట్టం ఉందనే గుర్తుపెట్టుకున్నాను. నవల జ్ఞాపకం సినిమా జ్ఞాపకంలో కలిసిపోయింది కాబోలు. పిల్లల ముందు చాలా చిన్నబోయాను.

సెయింట్ జాన్ లాంటివాళ్ళు మా ఊరికి కల్పితపాత్రలు కారని మీకు చెప్పాలి. కేంబ్రిడ్జిలో చదువుకున్న రాబర్ట్ నోబుల్ అనే పాదిరీ 1841లో బందరు వచ్చాడు. 1843లో బడి పెట్టాడు. అదే తరవాత నోబుల్ కాలేజీ అయింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1864 నాటి ఉప్పెనలో బందరు తుడిచిపెట్టుకుపోవడం చూశాడు. మరుసటి ఏడాది ఇక్కడే పోయాడు. షార్లట్ బ్రాంటీ 'జేన్ ఐర్' అచ్చు వేయించిన 1847లో ఆయన ఇక్కడ మా ముత్తాతల తరం పిల్లలకు పాఠాలు చెప్తున్నాడు. ఆ నవలలోని సెయింట్ జాన్ గురించి చదువుతుంటే మాకు నోబుల్ దొర గుర్తొస్తాడు. అతని మొండితనం, అతని త్యాగం, అవతలివాళ్ళ మతాన్ని చూసే చూపులోని కాఠిన్యం, అన్నీ కలిపి మాకు తెలుసు. అతని మీద మాకు గౌరవమూ ఉంది, తగాదా కూడా ఉంది. తెర మీద సెయింట్ జాన్ కనపడితే మాట్లాడుకోవడానికి మా దగ్గర చాలా ఉంది.

ఇది మా అభిమానానికి సంబంధించిన గొడవే అనుకోవద్దు. ఆ ఘట్టం తీసేస్తే జేన్ కథే కుంటుపడుతుంది. ఆమె జీవితంలో రెండుసార్లు 'వద్దు' అంటుంది. భార్య బతికుండగా తనను ఉంచుకుంటానన్న రోచెస్టర్‌తో ఒకసారి. ప్రేమ లేకుండా పెళ్ళి చేసుకుని దేవుడి పనికి రమ్మన్న సెయింట్ జాన్‌తో రెండోసారి. చెల్లెలిగా ఇండియా వస్తాను, భార్యగా రాను అంటుంది. ఎంత పెద్ద మాట! సముద్రాలు దాటడానికి భయపడని మనిషి, ప్రేమ లేని కాపురానికి ఒప్పుకోలేదు. రెండో 'వద్దు' లేకపోతే రోచెస్టర్ దగ్గరికి ఆమె తిరిగి రావడం వేరే దిక్కులేక వచ్చినట్టు ఉంటుంది. 1943 సినిమాలో నాకు అలాగే అనిపించింది. వెల్స్ గొంతు, బెర్నార్డ్ హెర్మన్ సంగీతం, ఆ పొగమంచు ఎంత బాగున్నా ఆ లోటు తీరలేదు. 2011లో క్యారీ ఫుకునాగా తీసిన సినిమా ఈ విషయంలో నయం. జేన్ పారిపోయి సెయింట్ జాన్ ఇంటికి చేరడంతోనే కథ ఎత్తుకున్నాడు. అతనితో ఇండియా రమ్మనే మాట కూడా అనిపించాడు. కాబట్టి సాధ్యం కాదని మీరు అనలేరు.

ఇక 'వుదరింగ్ హైట్స్'. దీని గురించి రాయాలంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఎమిలీ బ్రాంటీ నవలలో 34 అధ్యాయాలు. హీత్‌క్లిఫ్ ప్రేమించిన కేథరిన్, అంటే కాథీ, పదహారో అధ్యాయంలో చనిపోతుంది. విలియం వైలర్ 1939లో తీసిన సినిమా దాదాపు అక్కడితో సరి. హీత్‌క్లిఫ్ పగ తరవాతి తరం పిల్లల మీద ఎలా పడిందో, చదువు రాకుండా పెంచిన హేర్టన్‌కు కేథరిన్ కూతురు చిన్న కేథరిన్ అక్షరాలు నేర్పుతూ ఆ పగను ఎలా ఆర్పేసిందో, అదంతా లేదు. బదులుగా ఇద్దరు ప్రేమికుల ఆత్మలు మంచులో నడిచిపోతాయి. ఆ ముగింపు వైలర్‌కు నచ్చలేదు. నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ పట్టుబట్టి వేరేవాళ్ళతో, నటుల బదులు డూపులతో తీయించాడు. అయినా గ్రెగ్ టోలాండ్ కెమెరా పనికి ఆస్కార్ వచ్చింది, రావలసిందే. ఆ ఇంట్లో కొవ్వొత్తి వెలుగు పడని మూలలు కూడా కథ చెప్తాయి.

ఈ సినిమాలో మా వాటా ఎక్కడుందో చెప్తాను. నవలలో హీత్‌క్లిఫ్ లివర్‌పూల్ వీధుల్లో దొరికిన నల్లని పిల్లవాడు. అతన్ని చూసి పొరుగింటి లింటన్ పెద్దాయన ఏ లాస్కర్ పిల్లాడో అంటాడు. ఓడల మీద పనిచేసే మన దేశపు నావికుల్ని లాస్కర్లనేవాళ్ళు. ఇంకోచోట పనిమనిషి నెల్లీ అతన్ని ఊరడిస్తూ, మీ నాన్న చైనా చక్రవర్తి, మీ అమ్మ ఇండియా మహారాణి అయ్యుండొచ్చు కదా అంటుంది. 1939 సినిమాలో ఆ మాట మిగిలింది. చిన్ననాటి కాథీ నోట పెట్టారు. కానీ హీత్‌క్లిఫ్‌గా వేసింది లారెన్స్ ఒలివియర్. కాబట్టి ఆ మాట పిల్లల ఆటల్లో మాటగా తేలిపోయింది.

పెద్దయిన కాథీగా వేసిన మెర్ల్ ఓబెరాన్ ఎవరు? 1911లో బొంబాయిలో పుట్టిన మనిషి. డయానా మాడిపోతావన్న ఆ కలకత్తాలోనే పెరిగింది. ఒంట్లో మన నేల రక్తం ఉన్న ఆ అమ్మాయి, ఆస్ట్రేలియా దగ్గరి టాస్మానియా దీవిలో పుట్టానని దాదాపు జీవితాంతం చెప్పుకుంది. చెప్పుకోక ఏం చేస్తుంది? 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైన నిర్మాణ నియమావళి తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ మధ్య ప్రేమను చూపించనివ్వలేదు. నిజం బయటపడితే హీరోయిన్ వేషాలు ఎక్కడివి? ఒంటి రంగు తెలియకుండా పూసుకున్న పూతలు ఆమె చర్మాన్ని పాడుచేశాయంటారు. చనిపోయే ముందు ఏడాది, 1978లో, టాస్మానియాలోని హోబర్ట్‌లో ఆమెకు సన్మానం చేశారు. పుట్టని ఊళ్ళో ఆ సభలో కూర్చుని ఆమె ఏమనుకుందో! 1979లో పోయింది. నిజం అందరికీ తెలిసింది ఆ తరవాతే.

ఒక్క క్షణం ఆ సెట్‌ను ఊహించుకోండి. 'మీ అమ్మ ఇండియా మహారాణి' అని ఊహల్లో హీత్‌క్లిఫ్‌ను ఊరడించే పాత్ర కాథీది. నిజంగా ఇండియా తల్లి కడుపున పుట్టి ఆ మాట పైకి అనలేని మనిషి కాథీ వేషంలో ఉంది. పుస్తకంలోని ఇండియాను ఆటమాటగా చేశారు, సెట్‌లో ఉన్న ఇండియాను పౌడరు కింద దాచారు. ఇది ఏ ఒక్కరి పాపమూ అనను. ఆ కాలం అలాంటిది. కానీ ఇప్పుడు కాలం వేరు కదా. ఆ సినిమాను మీరు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసినప్పుడల్లా ఆమె బొంబాయిలో పుట్టిందని తొలి పేజీలో రాయండి. ఫుట్‌నోటులో వద్దు.

హీత్‌క్లిఫ్ రంగు సంగతి ఆలోచించినవాళ్ళు మీలో లేకపోలేదు. 2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ నల్లజాతి నటుడు జేమ్స్ హౌసన్‌కు ఆ పాత్ర ఇచ్చింది. రెండో తరం కథ మాత్రం ఆమె కూడా వదిలేసింది. 1992లో పీటర్ కొస్మిన్‌స్కీ రెండో తరాన్ని తీశాడు, హీత్‌క్లిఫ్‌గా రాల్ఫ్ ఫైన్స్‌ను పెట్టాడు. రెండూ ఒకే సినిమాలో చూడాలని మా కోరిక. లాస్కర్ పిల్లాడిగా తిట్లు తిన్నవాడు పెద్దయి పగ తీర్చుకోవడం, ఆ పగ రెండో తరంలో చల్లారడం. నవల పూర్తి ఆకారం అదే.

సమయం చాలదంటారేమో. డేవిడ్ లీన్ 1946లో తీసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' మొదటి కొన్ని నిమిషాలు చూడండి, మీకు చెప్పాలా గానీ. చిత్తడి నేల గట్టు మీద ఒంటరిగా పరుగెత్తుతున్న పిప్ అనే పిల్లవాడు, పక్కన ఉరికొయ్యలు, ఈదురుగాలి, కొమ్మలు కిరకిరలాడే మోడుచెట్టు, తల్లిదండ్రుల సమాధి. భయపడి వెనక్కి తిరిగి పరుగెత్తబోతాడు, ఖైదీ గుండెకు గుద్దుకుంటాడు. అంతసేపూ మాట దాదాపు లేదు. డికెన్స్ పేజీల్లో చెప్పిన భయమంతా ఉంది. అది చూపించినప్పుడు మా తరగతిలో పిల్లలు కెవ్వుమన్నారు. ఇంత తక్కువ నిడివిలో ఇంత చెప్పగలిగిన కళ మీ చేతుల్లో ఉంది. మరి అదే సినిమాలో పిప్ తూర్పు దేశాల్లో ఉద్యోగం చేసిన పదకొండేళ్ళు ఎక్కడికి పోయాయి? నవలలో అతను అక్కడ గుమాస్తాగా కష్టపడి అప్పులు తీర్చి, తరవాత భాగస్వామి అయి, అప్పుడు గానీ తను ప్రేమించిన ఎస్టెల్లాను మళ్ళీ చూడడు. లీన్ చేతిలో పిప్ జబ్బు నుంచి లేచి, ఎస్టెల్లా పెరిగిన ఆ పాడుబడ్డ ఇంటికి వెళ్ళి, కిటికీ తెరలు లాగిపడేస్తాడు. లోపలికి వెలుగు దూకుతుంది. ఆ వెలుగు నాకు ఎంతో ఇష్టం. కానీ పిప్ తన రెక్కల కష్టంతో బతకడం నేర్చుకున్నది ఆ పదకొండేళ్ళలోనే.

'వానిటీ ఫెయిర్' సంగతి ఒక్క ముక్క. అది రాసిన థాకరే 1811లో కలకత్తాలో పుట్టాడు. నవల మొదట్లోనే, ఇండియాలో కలెక్టరుగా చేసి వచ్చిన జాస్ సెడ్లీ వాళ్ళ నాన్న ఇంట్లో కథానాయిక బెకీ షార్ప్ కూర తిని నోరు మండిపోతుంటే, చిల్లీ అంటే చల్లగా ఉంటుందనుకుని పచ్చిమిరపకాయ కొరుకుతుంది. గుంటూరు మిరప తిని పెరిగిన మా పిల్లలకు ఆ పేజీ చదివితే పొట్ట చెక్కలవుతుంది. ఆ నవలే 1935లో 'బెకీ షార్ప్'గా, మూడు రంగుల టెక్నికలర్‌లో పూర్తిగా తీసిన తొలి కథాచిత్రంగా వచ్చింది. ఎర్రని రంగును తెర మీద అంతగా వాడుకున్న ఆ కథలో ఒక మిరపకాయకు ఉన్న విలువ మాకు తెలుసు. మీరా నాయర్ 2004లో తీసినప్పుడు బెకీని ఏకంగా ఇండియాకే తెచ్చి కథ ముగించింది. నవలలో అలా లేదు. అయినా ఆమె ఎందుకలా చేసిందో నాకు అర్థమైంది.

ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తే ఏమవుతుందని మీరనొచ్చు. ఒక పాత సంగతి చెప్తాను. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు స్త్రీ డికెన్స్‌కు ఉత్తరం రాసింది. డికెన్స్ ఇల్లు కొనుక్కున్నది ఆమె భర్తే. 'ఆలివర్ ట్విస్ట్'లో దొంగల ముఠా నడిపే యూదుడు ఫాగిన్‌ను చిత్రించిన తీరు మా జాతికి అన్యాయం చేసిందని నిలదీసింది. డికెన్స్ మొదట సమర్థించుకున్నాడు. తరవాత ఆలోచించాడు. 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రాయా అనే మంచి యూదు పెద్దాయన్ని సృష్టించాడు. 1867 నాటి కొత్త ముద్రణలో ఫాగిన్‌ను పేరుతో కాక జాతితో పిలిచిన చోట్లు చాలావరకు దిద్దాడు. అంతటి రచయిత, ఇరవై ఏడెనిమిదేళ్ళ కిందటి తన నవలను ఒక పాఠకురాలి మాట విని సరిచేసుకున్నాడు.

1948లో లీన్ 'ఆలివర్ ట్విస్ట్' తీసినప్పుడు ఆ దిద్దుబాటు దాకా రాలేదు. క్రుక్‌షాంక్ మొదటి ముద్రణకు వేసిన బొమ్మల్ని చూసి ఫాగిన్ వేషం వేసిన అలెక్ గిన్నెస్‌కు అంత ముక్కు అతికించారు. యుద్ధంలో యూదుల ఊచకోత జరిగి అప్పటికి మూడేళ్ళే. 1949లో బెర్లిన్‌లో జనం సినిమా హాలు ముందు నిరసనకు దిగారు. అమెరికాలో 1951 దాకా విడుదలే కాలేదు, అదీ ఫాగిన్ కనపడే కొన్ని భాగాలు కోసేశాకే. డికెన్స్ విన్న ఉత్తరాన్ని ఆయన కథను తీసినవాళ్ళు కూడా విని ఉంటే ఎంత బాగుండేది!

ఈ కథలు మాకూ సినిమాలయ్యాయి. 'జేన్ ఐర్' ఆధారంగా 1952లో హిందీలో దిలీప్ కుమార్, మధుబాల నటించిన 'సంగ్‌దిల్' వచ్చింది. 1969లో మన కాంచన నటించిన తమిళ 'శాంతి నిలయం' వచ్చింది. దానికి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీకి జాతీయ బహుమతి వచ్చింది. మాకు 'మాయాబజార్' వెన్నెల చూపించిన కెమెరా కూడా ఆయనదే. ఆయనా ఆంగ్లో ఇండియనే. మెర్ల్ ఓబెరాన్ మీ దగ్గర పేరూ ఊరూ దాచుకుని బతికింది. బార్ట్‌లీ సొంత పేరుతో మా ఇంటి మనిషయ్యాడు. ఈ నవలల్ని మేము పరాయివిగా చూడలేదని చెప్పడానికే ఇదంతా.

రాబోయే సినిమాలో ఏం చేయాలో చెప్పే అధికారం నాకు లేదు, అడిగే హక్కు ఉందనుకుంటాను. జేన్ జర్మన్ పుస్తకం మూసి హిందూస్తానీ వ్యాకరణం తెరిచే దృశ్యానికి పది సెకన్లు చాలు. జాన్ షేక్‌స్పియర్ అనే పండితుడి హిందూస్తానీ వ్యాకరణం 1813 నుంచీ లండన్‌లో అచ్చయి ఉంది. వస్తువుల కోసం వెతికే మీ ఆర్ట్ డైరెక్టర్‌కు అది దొరక్కపోదు. తెలియని అక్షరాల మీద జేన్ వేలు ఆగడం, పక్కన సెయింట్ జాన్ మంచులాంటి చూపు. అది చూస్తే బందరులో నా పిల్లలు కుర్చీల్లో ముందుకు వంగుతారు.

ఇంకొక్కటి. నవల రోచెస్టర్‌తో ముగియదు. ఆఖరి పేజీలో జేన్ సంసారం చల్లగా ఉంది, భర్తకు ఒక కంటికి చూపు వచ్చింది, కొడుకు పుట్టాడు. అంతా చెప్పేశాక ఆమె ఇండియా నుంచి వచ్చిన సెయింట్ జాన్ ఉత్తరం గురించి చెప్తుంది. అదే ఆఖరిదని ఆమెకు తెలుసు. అది చదివి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పుస్తకంలో చివరి మాటలు ఇక్కడ చావుకు దగ్గరైన ఆ మనిషివే. ఇంగ్లండులో ఆ ఇంటి గుమ్మంలో జేన్ నిలబడి, సముద్రాలు దాటి వచ్చిన ఆ కవరు విప్పుతుండగా మీ సినిమా ఆపండి.

ఇట్లు,
బందరు నుంచి ఒక ఇంగ్లిష్ పంతులమ్మ